పట్టుగుడ్లు పడుకోకముందే యాసిడ్ పట్టడం

బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలు వచ్చే రకం) పట్టుగుడ్లు పెట్టిన రెండు మూడు రోజుల్లో పసుపు నుంచి గోధుమకి, ఆపైన బూడిద రంగుకి తిరిగాయంటే చచ్చాయని కాదు, సుప్తావస్థలోకి, అంటే ఎదుగుదల ఆపేసి పడుకునే డయాపాజ్ దశలోకి, వెళ్లాయని. అలా పడుకోబెట్టేది తల్లే. ఆ తల్లి తను గుడ్డుగా ఉన్నప్పుడు 25 డిగ్రీల్లో, వెలుతురులో ఎదిగి ఉంటే, ప్యూపా (గూటిలోని కోశం) దశలో దాని తలలోని నాడీముడి నుంచి డయాపాజ్ హార్మోన్ వెలువడి అండాశయాలకు చేరుతుంది. 15 డిగ్రీల్లో, చీకట్లో ఎదిగితే ఆ పని జరగదు. గుడ్లు మన చేతికొచ్చేసరికి హార్మోన్ పని అయిపోయే ఉంటుంది. ఇక పిండం నిద్రలోకి జారేలోపు యాసిడ్‌తో అడ్డుపడటమే మిగిలింది.

అందుకే ఇదంతా గంటల లెక్క. 25 డిగ్రీల్లో ఉంచిన గుడ్లకు పెట్టిన 20 గంటలకు యాసిడ్ పట్టాలి. రాత్రి 8 ప్రాంతంలో పెట్టినవాటికి మర్నాడు సాయంత్రం 4 అన్నమాట. హైదరాబాద్ మే నెలలో ఏసీ లేని గదిలో పెడితే పిండం తొందరగా ఎదిగిపోతుంది, మీ గడియారం ఎందుకూ పనికిరాదు.

ముందు గుడ్లు అంటుకుని ఉన్న కాగితం షీట్లను 2 శాతం ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ ద్రావణం)లో ఐదు నిమిషాలు ముంచి నీడలో ఆరబెట్టండి. ఇది మానేస్తే యాసిడ్‌లో గుడ్లను షీటుకు పట్టి ఉంచే జిగురు కరిగి గుడ్లన్నీ ఊడి అడుగుకు చేరతాయి.

తర్వాత యాసిడ్. బాత్‌రూమ్ యాసిడ్ వద్దు, దాని గాఢత ఎవరికీ తెలియదు. కెమికల్ షాపులో దొరికే 1.18 సాంద్రత హైడ్రోక్లోరిక్ యాసిడ్ సుమారు 380 మిల్లీలీటర్లను కొద్దికొద్దిగా నీళ్లలో పోసి లీటరు చేయండి. నీళ్లలోనే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. కావలసిన సాంద్రత 15 డిగ్రీల దగ్గర 1.075. మన ఊరి గది వేడిలో హైడ్రోమీటర్ (సాంద్రత కొలిచే గొట్టం) తక్కువ చూపిస్తుంది, అది చూసి ఇంకాస్త యాసిడ్ కలిపేస్తారు. గ్లాసుడు తీసి ఐసు నీళ్లలో 15కి చల్లార్చి చూడండి.

గాజు లేదా ప్లాస్టిక్ పాత్రలో పోసి, వేడినీళ్ల తొట్టిలో ఉంచి 46 డిగ్రీలకు తెచ్చి, షీటును 5 నిమిషాలు ముంచండి. స్టీలు, అల్యూమినియం పాత్రలు పనికిరావు. గ్లవ్స్, కళ్లద్దాలు ఉండాలి, కిటికీలు తెరిచి ఉండాలి. వేడి పెరిగినా, నిమిషాలు మించినా పిండాలు చస్తాయి. తగ్గితే కొన్ని పొదిగి కొన్ని పడుకుంటాయి. ఆ సగం సగం పంటే అన్నిటికంటే విసుగు. తీయగానే పారే నీళ్లలో కడగండి. నీలి లిట్మస్ ఎర్రబడటం మానేదాకా ఆపొద్దు. వేసవిలో డాబా ట్యాంకు నీళ్లు కాగిపోయి ఉంటాయి, ముందురోజే బిందెల్లో పట్టి పెట్టుకోండి.

ఒక చిన్న ముక్కను యాసిడ్ పట్టకుండా పక్కన ఉంచితే రంగు తేడా కళ్లారా కనిపిస్తుంది. 25 డిగ్రీలు, 80 శాతం తేమలో పది, పదకొండు రోజులకు పొదుగుతాయి.

వేళ దాటిన షీట్లను పారేయొద్దు. 40 నుంచి 50 గంటల వయసులో 5 డిగ్రీల చలిలో పెట్టి, 40 రోజులయ్యాక 1.10 సాంద్రత యాసిడ్‌తో, ఈసారి 47.8 డిగ్రీల్లో పట్టండి. ఇంటి ఫ్రిజ్‌లో పెడితే తలుపు దగ్గర కాకుండా లోపలి అరలో, పక్కన థర్మామీటరుతో.