నిలబడగానే తూలితే, మధ్యలో ఆగిపోతే: రోగిని నడిపించేటప్పుడు వచ్చే సమస్యలు, పరిష్కారాలు

రోగిని నడిపించడమంటే పక్కన నిలబడి చేయి పట్టుకోవడమే అనుకుంటారు చాలామంది. నిజానికి చాలా ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి. తూలిన క్షణంలో మన పట్టు చేతి మీద మాత్రమే ఉంటే ఒంటి బరువంతా కిందికి పోతుంది, ఆ లాగుడు భుజం కీలు మీద పడుతుంది. నర్సింగ్ అసిస్టెంట్ కండబలం చూపాల్సిన పని కాదిది. కనిపించిన లక్షణం దేనివల్ల వచ్చిందో అక్కడికక్కడే పోల్చుకుని తగినట్టు నడుచుకోవాల్సిన పని.

ఎంత దూరం నడిపించాలి, ఆపరేషన్ అయిన కాలి మీద ఎంత బరువు మోపవచ్చు, తోడు ఒకరు చాలా ఇద్దరు కావాలా అన్నవి డాక్టరు, నర్సు, ఫిజియోథెరపిస్టు నిర్ణయిస్తారు. నిన్నటి సూచనే ఈరోజూ ఉందనుకోవద్దు. మంచం దగ్గరికి వెళ్లేముందే అడిగి తెలుసుకోండి.

లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయి

కారణం: పడుకున్న మనిషి లేవగానే రక్తం కాళ్లలోకి జారుతుంది. ఆరోగ్యవంతుల్లో రక్తనాళాలు వెంటనే బిగుసుకుని బీపీని నిలబెడతాయి. రోజుల తరబడి మంచం పట్టినవారిలో, ఒంట్లో నీరు తగ్గినవారిలో, బీపీ మందులు, మూత్రం ఎక్కువగా పోయే మందులు వాడేవారిలో ఆ సర్దుబాటు ఆలస్యమవుతుంది. నిలబడిన 3 నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. నిన్న చక్కగా నడిచిన మనిషికి ఈరోజు ఇలా కావచ్చు.

పరిష్కారం: ముందు మంచం తలవైపు ఎత్తి కాసేపు ఉంచండి. తర్వాత కాళ్లు కిందికి దించి, పాదాలు నేలకు ఆనేలా మంచం అంచున కూర్చోబెట్టండి. పాదాలను పైకీ కిందికీ కొన్నిసార్లు ఆడించమనండి. పిక్క కండరాలు బిగిసి వదులవుతుంటే రక్తం పైకి ఎగబాకుతుంది. కొన్ని నిమిషాలు అలా కూర్చున్నాక నిలబెట్టి, అడుగు వేయించకుండా ఒక నిమిషం ఆగండి.

ఈ నిమిషమే చాలా విలువైనది. "బాగానే ఉందా?" అని అడగకండి, మనల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక దాదాపు అందరూ బాగానే ఉందంటారు. "ఎదురుగా గోడ మీద ఏం కనిపిస్తోంది?" అని అడిగి చూడండి. జవాబు ఆలస్యంగా వచ్చినా, చూపు ఒకచోట నిలవకపోయినా, పెదవులు పాలిపోయినా, పైపెదవి మీద చెమట పోసినా మళ్లీ కూర్చోబెట్టండి, అవసరమైతే పడుకోబెట్టండి, నర్సును పిలవండి. మధుమేహం ఉన్నవారికి చెమటతోపాటు వణుకు కూడా వస్తే చక్కెర తగ్గి ఉండవచ్చు. ఆ మాట నర్సుకు ప్రత్యేకంగా చెప్పండి.

లేవబోయి వెనక్కి మంచం మీదే పడిపోతున్నారు

కాళ్లలో బలం లేదని వెంటనే తేల్చేస్తాం. చాలాసార్లు అసలు కారణం కూర్చున్న తీరే. తుంటి పరుపులో లోపలికి ఉంటుంది, పాదాలు ముందుకు చాచి ఉంటాయి, వీపు నిటారుగా ఉంటుంది. అలా కూర్చుంటే ఎవరికైనా లేవడం కష్టమే.

తుంటిని అంచుదాకా జరిపించండి. పాదాలను మోకాళ్లకన్నా కాస్త వెనక్కి తెప్పించండి. ముక్కు కాలివేళ్ల మీదుగా వచ్చేంతవరకు ముందుకు వంగి, రెండు చేతులతో పరుపును నొక్కి లేవమనండి. మంచం మరీ కిందికి ఉంటే కాస్త ఎత్తు పెంచండి, కానీ పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. వాకర్‌ను పట్టుకుని లేవనివ్వకండి, అది రోగి మీదికే ఒరుగుతుంది. మీ మెడ చుట్టూ చేతులు వేయనివ్వకండి. లేపేముందు మంచం చక్రాలకూ వీల్‌చైరుకూ బ్రేకులు పడ్డాయో లేదో కాలితో నొక్కి చూడండి.

యూరిన్ బ్యాగు కొక్కెం ఇంకా మంచం చట్రానికే తగిలించి ఉందేమో కూడా చూడండి. రోగి రెండడుగులు వేయగానే గొట్టం బిగుసుకుని లోపల లాగుతుంది, ఆ నొప్పికి మనిషి ఎటో ఒకవైపు ఒరుగుతారు. బ్యాగును తీసి మూత్రాశయం కన్నా దిగువనే ఉండేలా వాకర్‌కు తగిలించండి. గొట్టం నేల మీద ఈడ్వకుండా చూడండి.

నడుము బెల్టు పైకి జారిపోతోంది

నడిపించేటప్పుడు పట్టుకోవడానికి రోగి నడుముకు కట్టే వెడల్పాటి పట్టీ ఇది. వదులుగా కట్టారు, లేదా కూర్చున్నప్పుడు కట్టి నిలబడ్డాక మళ్లీ సరిచేయలేదు. బట్టల మీదుగా, రెండు వేళ్లు మాత్రమే దూరేంత బిగువుగా కట్టండి. బెల్టును అరచేయి పైకి ఉండేలా కిందినుంచి పట్టుకోండి. ఇటీవల పొట్టకో ఛాతీకో ఆపరేషన్ అయినవారికి, పక్కటెముకలు విరిగినవారికి, పొట్టకు గొట్టం గానీ సంచి గానీ ఉన్నవారికి నర్సును అడగకుండా బెల్టు కట్టవద్దు.

చేతికర్ర ఉన్నా ఒకవైపు ఒరిగిపోతున్నారు

కర్ర ఏ చేతిలో ఉందో చూడండి. బలహీనమైన కాలి వైపే పట్టుకోవాలని చాలామంది రోగులు, వారి బంధువులు కూడా అనుకుంటారు. కర్ర ఉండాల్సింది బలమైన వైపు. కర్ర ముందుకు వేసి, తర్వాత బలహీనమైన కాలు, ఆ తర్వాత బలమైన కాలు వేయాలి. అప్పుడు బలహీనమైన కాలి మీద పడాల్సిన బరువులో కొంత కర్ర మోస్తుంది.

ఎత్తు కూడా చూడండి. చేయి వేలాడదీసినప్పుడు కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. పొట్టిగా ఉంటే ముందుకు వంగిపోతారు, పొడుగైతే భుజం పైకి లేస్తుంది. అడుగున రబ్బరు అరిగిపోయి ఉంటే ఆ కర్ర వాడకండి. మీరు మాత్రం బలహీనమైన వైపున, అర అడుగు వెనగ్గా, ఒక చేయి బెల్టు మీద ఉంచి నడవండి.

మెట్లెక్కేటప్పుడు ముందు బలమైన కాలు, దిగేటప్పుడు ముందు కర్ర, బలహీనమైన కాలు.

పక్షవాతం వచ్చిన రోగికి నడక తర్వాత భుజం నొప్పి

చచ్చుబడిన వైపు భుజం కీలును పట్టి ఉంచే కండరాలు వదులైపోతాయి. ఆ చేయి పట్టుకుని లేపినా, చంక కింద చేయి వేసి ఎత్తినా కీలు కొంత జారిపోవచ్చు. రోగికి ఆ వైపు స్పర్శ సరిగా తెలియకపోతే గాయమైనప్పుడు చెప్పలేరు కూడా. కాబట్టి ఆ చేతిని ఎప్పుడూ లాగకండి. పట్టు బెల్టు మీదే ఉండాలి. నడిచేటప్పుడు ఆ చేయి వేలాడకుండా ఎలా ఆన్చాలో ఫిజియోథెరపిస్టును అడిగి తెలుసుకోండి.

నడుస్తూ నడుస్తూ పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయారు

పార్కిన్సన్స్ (కదలికలు నెమ్మదించి, ఒళ్లు బిగుసుకుపోయే మెదడు జబ్బు) ఉన్నవారిలో, ముఖ్యంగా తలుపు దగ్గరా మలుపు దగ్గరా ఇలా అవుతుంది. వారు మొండికేయడం లేదు, కదలాలనుకున్నా పాదం కదలడం లేదు. లాగితే పైభాగం ముందుకు వస్తుంది, పాదాలు అక్కడే ఉంటాయి, బోర్లా పడతారు.

ఆగమనండి. నిటారుగా నిలబడి ఊపిరి పీల్చుకోమనండి. బరువును ఒక కాలి మీదినుంచి మరో కాలి మీదికి నెమ్మదిగా మార్చమనండి. తర్వాత "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి పెద్ద అడుగు వేయించండి. నేల మీద గీత గానీ మీ పాదం గానీ చూపించి దాన్ని దాటమన్నా చాలామందిలో అడుగు పడుతుంది. ఆ సమయంలో వెనకనుంచి ఎవరూ తొందరపెట్టకుండా చూడండి.

ఆయాసం, ఛాతీలో నొప్పి

మాట్లాడుతూ నడవగలిగితే వేగం సరిపోయినట్టే. వాక్యం మధ్యలో ఊపిరికోసం ఆగుతుంటే కూర్చోబెట్టండి. ఛాతీలో నొప్పి అన్నారంటే నడక అక్కడితో ఆపాలి, గదికి నడిపించి తీసుకురాకూడదు. దగ్గరున్న కుర్చీలో కూర్చోబెట్టి, వారిని వదలకుండా నర్సును పిలవండి.

పడిపోతున్నారు, ఇప్పుడేం చేయాలి?

నిలబెట్టడానికి ప్రయత్నించకండి. పడుతున్న మనిషి బరువును ఆపబోతే ఇద్దరూ పడతారు, మీ నడుము కూడా దెబ్బతింటుంది. కాళ్లు ఎడంగా పెట్టి ఒక కాలు ముందుకు చాపండి. బెల్టుతో రోగిని మీ ఒంటికి దగ్గరగా లాక్కుని, మీ మోకాళ్లు వంచుతూ, మీ తొడ మీదుగా నెమ్మదిగా నేలకు జార్చండి. తల నేలకు కొట్టుకోకుండా కాపాడడం అన్నిటికన్నా ముఖ్యం.

కిందికి చేరాక వెంటనే లేపాలని చేయి తహతహలాడుతుంది. లేపకండి. నర్సు వచ్చి చూసేదాకా అక్కడే ఉండనివ్వండి. తలకు దెబ్బ తగిలిందా, రోగి రక్తం పలుచబడే మందులు వాడుతున్నారా అన్నది తప్పక చెప్పండి. దెబ్బ తగలకపోయినా జరిగింది నమోదు కావాల్సిందే.

మంచం మీద వ్యాయామం చేయిస్తుంటే కీలు కదలడం లేదు

వేగంగా కదిపితే కండరం ఇంకా బిగుస్తుంది. కీలుకు పైన ఒక చేయి, కింద ఒక చేయి ఆన్చి నెమ్మదిగా కదపండి. బిగిసిన చోట ఆగి, అలాగే పట్టుకుని, వదులయ్యేదాకా ఆగండి. వదులవకపోతే ఆ రోజుకు అంతవరకే. కళ్లు కీలు మీద కాదు, రోగి ముఖం మీద ఉండాలి, నొప్పి ముందు కనుబొమల మధ్యే కనిపిస్తుంది. ప్రత్యేకంగా చెబితే తప్ప మెడకు వ్యాయామం చేయించవద్దు.

ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడుతుంటే ఆ కాలికి వ్యాయామం వద్దు, రుద్దడం అసలే వద్దు. సిరలో గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. నడిపించకుండా మంచం మీదే ఉంచి వెంటనే నర్సుకు చెప్పండి.

"ఈరోజు నడవను" అంటున్నారు

నొప్పి, భయం, నిద్రలేమి, ఏదైనా కావచ్చు. అడగండి. నొప్పే అయితే నడక సమయాన్ని నొప్పి మాత్ర పనిచేసే వేళకు కలపవచ్చేమో నర్సుతో మాట్లాడండి. భయమైతే దూరం తగ్గించి, మధ్యలో కూర్చోవడానికి కుర్చీ వేసి, అది రోగికి చూపించండి. అయినా వద్దంటే బలవంతం చేయకండి, ఆ మాటనే రాయండి.

రాసేటప్పుడు "నడిపించాను" అని వదిలేయకండి. "వాకర్‌తో తలుపుదాకా వెళ్లి వచ్చారు, ఒకసారి కూర్చున్నారు, తిరిగొచ్చేటప్పుడు ఎడమ పాదం ఈడ్చారు, నాడి 96" అని రాస్తే తర్వాతి షిఫ్టులో వచ్చేవారికి ఏ వైపు నిలబడాలో తెలుస్తుంది.