టీచరుకు సాంకేతిక నైపుణ్యం ఎంత కావాలి? క్యూఆర్ కోడ్‌తో మొదలుపెట్టండి

ఉపాధ్యాయులు కంప్యూటర్ నిపుణులు కానక్కరలేదు గానీ, రేపు చెప్పబోయే పాఠానికి పనికివచ్చే ఒక్క సాధనాన్నైనా తడబడకుండా వాడగలగాలి. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన దీక్ష యాప్‌ను ఫోన్‌లో వేసుకొని, పాఠ్యపుస్తకంలో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను దానితో స్కాన్ చేయండి. అందులో వచ్చే వీడియోను ముందురోజే ఇంటి దగ్గర పూర్తిగా చూసి, డౌన్‌లోడ్ చేసి ఉంచుకుంటే, బడిలో సిగ్నల్ అందకపోయినా ఇబ్బంది ఉండదు.

తరగతిలో దాన్ని ఏకబిగిన చూపించవద్దు. గుండె పనిచేసే తీరు చెబుతున్నారనుకోండి, కవాటం మూసుకునే క్షణంలో వీడియో ఆపి, "ఇప్పుడు రక్తం ఎటు వెళుతుంది?" అని అడిగి, పిల్లలందరూ నోటుపుస్తకంలో బాణం గుర్తు గీసేదాకా ఆగండి. ఎక్కడ ఆపాలో తెలియడమే అసలు నైపుణ్యమని నా నమ్మకం. కరెంటు పోతే అదే బొమ్మను సుద్దముక్కతో నల్లబల్లపై వేయగలిగేలా సిద్ధపడి వెళ్లండి.