మన ప్రోగ్రామ్ వల్ల పిల్లల్లో నిజంగా ఏం మారింది? పాఠం 4: సీటు రాని వాళ్ళని కూడా లెక్కపెట్టండి

పోయిన పాఠంలో బేస్‌లైన్ తీసుకున్నాం కదా, అంటే క్లాసులు మొదలవ్వకముందే మన ట్రైనింగ్‌లో చేరే ఒక్కొక్కరి పరిస్థితి రాసి పెట్టుకోవడం, చదువు ఎక్కడ ఆగింది, ఇప్పుడేమైనా పని చేస్తున్నారా, నెలకి చేతికి ఎంతొస్తోంది, ఇవన్నీ. ఆ షీట్ పక్కన పెట్టుకోండి. ఇంకా తీయని వాళ్ళు ముందు అది పూర్తి చేసి రండి, అది లేకుండా ఈ పాఠం చదివినా పెద్ద ఉపయోగం ఉండదు.

అడ్డగుట్టలో ఒక సెంటర్ ఉందనుకుందాం. ఇంటర్ ఫెయిలయ్యో, మధ్యలో మానేసో ఇంట్లో ఉంటున్న 18 నుంచి 22 ఏళ్ళ వాళ్ళకి మూడు నెలల పాటు స్పోకెన్ ఇంగ్లీషు, కంప్యూటర్ బేసిక్స్, ఇంటర్వ్యూ ప్రాక్టీసు. జూన్‌లో మొదలై ఆగస్టు చివరికి బ్యాచ్ అయిపోయింది, అక్టోబర్‌లో ఫోన్లు చేస్తే 30 మందిలో 18 మంది జాబ్‌లో ఉన్నారు. బేస్‌లైన్‌లో ఒక్కరికీ లేదు. ఫండింగ్ ఇచ్చిన వాళ్ళకి పంపే రిపోర్టులో ఇదే మొదటి లైన్‌గా రాసేస్తాం, రాయాలనే అనిపిస్తుంది కూడా.

అయితే అక్టోబర్ అంటే దసరా, దీపావళి సీజన్. బట్టల షాపులు, మాల్స్, డెలివరీ గోడౌన్లు అన్నీ ఎక్స్‌ట్రా మనుషుల్ని తీసుకుంటాయి, మన సెంటర్ గడప తొక్కని అబ్బాయికి కూడా ఆ నెలలో ఏదో ఒక పని దొరుకుతుంది. మరి ఆ 18 జాబుల్లో మన క్లాసుల వల్ల వచ్చినవి ఎన్ని, పండగ సీజన్ వల్ల వచ్చినవి ఎన్ని? ముందు-తర్వాత షీట్ ఎంత బాగా నింపినా ఈ ప్రశ్నకి జవాబు అందులో దొరకదు.

ఇంకోటి ఉంది. ట్రైనింగ్‌కి మనుషులు ఎప్పుడొస్తారు? చాలామంది ఉన్న పని పోయినప్పుడే వస్తారు. అమెరికాలో ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్ అనే ఎకనామిస్ట్ 1978లో ఇదే చూపించారు, ట్రైనింగ్‌లో చేరిన వాళ్ళ సంపాదన సరిగ్గా చేరే ముందే పడిపోయి ఉంది. అట్లా పడినప్పుడు కొలిచి ఆ తర్వాత మళ్ళీ కొలిస్తే, వాళ్ళంతట వాళ్ళు కోలుకున్నది కూడా మన ఖాతాలోనే పడుతుంది.

కాబట్టి మనకి ఇంకో 30 మంది కావాలి, ఈ 30 మందిలాంటి వాళ్ళే, అదే బస్తీ, అదే వయసు, అదే ఆసక్తి, కానీ ఈ బ్యాచ్‌లో చేరని వాళ్ళు. ఎక్కడ దొరుకుతారు అంటే, మన దగ్గరే ఉన్నారు! 30 సీట్లకి 60 అప్లికేషన్లు వస్తే మిగతా 30 మందిని ఏం చేస్తున్నాం? సీట్లు అయిపోయాయని పంపించేస్తున్నాం, పేరు కూడా దాచుకోవట్లేదు. అసలు అప్లై చేయని వాళ్ళతో పోల్చడం మాత్రం వద్దు, అప్లై చేసిన వాళ్ళలో ఉన్న పట్టుదల వాళ్ళలో లేకపోవచ్చు. ముందొచ్చిన వాళ్ళకి ముందు సీటు అన్నా అదే ఇబ్బంది, పొద్దున్నే వచ్చి లైన్లో నిలబడే పిల్ల మనం ఉన్నా లేకపోయినా ఎట్లాగో జాబ్ తెచ్చుకునే రకం అయ్యుండొచ్చు.

అందుకే చీటీలు వేయండి. 60 పేర్లు రాసి, డబ్బాలో వేసి, బస్తీ కమ్యూనిటీ హాల్లో తల్లిదండ్రులందరి ముందు చిన్న పిల్లతో తీయించండి. పేరు రాని వాళ్ళకి నవంబర్ బ్యాచ్‌లో సీటు గ్యారంటీ అని అక్కడే రాసివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి కూడా. అన్యాయం కాదా అని చాలామంది అడుగుతారు, నా దృష్టిలో సిఫార్సు లెటర్లతో సీట్లు నిండటం కంటే ఇదే న్యాయం, సీట్లు ఎట్లాగూ 30యే కదా. కాకపోతే ఒక్క షరతు, ఆగితే నష్టం జరిగే వాటికి, అంటే ఇంట్లో హింస, మత్తు అలవాటు, ఆత్మహత్య ఆలోచనలు, ఇట్లాంటి వాటికి చీటీలు, వెయిటింగ్ లిస్టు అస్సలు పెట్టొద్దు, వచ్చిన వాళ్ళని వచ్చినట్టే తీసుకోవాలి.

ఇదేం కొత్త పద్ధతి కాదు. మన హైదరాబాద్‌లోనే 104 బస్తీల్లో, మైక్రోఫైనాన్స్ అప్పుల వల్ల, అంటే పేదవాళ్ళకిచ్చే చిన్న అప్పుల వల్ల, కుటుంబాలు బాగుపడతాయా అని చూడటానికి లాటరీ పద్ధతిలో 52 బస్తీల్ని ఎంచుకుని ముందు అక్కడ బ్రాంచీలు తెరిచారు, ఎకనామిస్టులు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో వాళ్ళ టీమ్ ఆ ఫలితాల్ని 2015లో పబ్లిష్ చేసింది. ఉన్న వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది, కానీ పిల్లల చదువు, ఆరోగ్యం, ఆడవాళ్ళ మాటకి విలువ, వీటిలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మిగతా 52 బస్తీలు లేకపోతే ఈ సంగతి బయటపడేది కాదు.

ఇప్పుడు లెక్కకి వద్దాం. సీటు వచ్చిన 30 మందిలో 18 మందికి జాబ్, సీటు రాని 30 మందిలో 13 మందికి జాబ్ అనుకోండి. మన ప్రోగ్రామ్ ఫలితం 18 మైనస్ 13, అంటే 5. చిన్నగా కనిపిస్తుంది, కానీ గట్టిగా చెప్పుకోగలిగేది ఆ తేడానే. అది కూడా ఒక్క బ్యాచ్‌తో ఖాయం చేసుకోకండి, 30కి 30 అంటే చాలా తక్కువ మంది, చీటీల్లో పేర్లు అటూఇటూ పడినా 5 తేడా వచ్చేస్తుంది. ఇట్లాగే మూడు నాలుగు బ్యాచ్‌లు చేసి కలిపి చూడండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఏంటంటే, 30 మందిలో 8 మంది మధ్యలో మానేస్తే వాళ్ళని తీసేసి, పూర్తి చేసిన 22 మందిలో 16 మందికి జాబ్, అంటే 73 శాతం అని రాసుకుంటారు. మానేసిన వాళ్ళలో ఇద్దరికే జాబ్ ఉందని ఎక్కడా రాయరు. చీటీలో పేరొచ్చిన ప్రతి ఒక్కరూ చివరిదాకా ఆ 30లోనే ఉండాలి, మానేసినా సరే. ఎందుకంటే సీటు రాని 30 మందిలో కూడా మానేసే రకం వాళ్ళు కలిసే ఉన్నారు, వాళ్ళని మనం ఏరి తీసేయలేం.

ఫోన్ల సంగతి. రీఛార్జ్ అయిపోతుంది, సిమ్ మారుస్తారు, ఇల్లు ఖాళీ చేసి జీడిమెట్లకో ఉప్పల్‌కో పోతారు. అందుకే అప్లికేషన్ రోజే మూడు నంబర్లు తీసుకోండి, వాళ్ళది, అమ్మది, ఒక ఫ్రెండ్‌ది, ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి, వాళ్ళు ఒప్పుకుంటేనే. సీటు రాని వాళ్ళ కోసం కూడా అంతే ఓపిగ్గా తిరగాలి.

పిల్లలే బాగుందని చెప్తున్నారు కదా, ఇదంతా ఎందుకు అంటారా? అమెరికాలో బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ ఊళ్ళలో 1939లో ఒక ప్రోగ్రామ్ మొదలైంది, అబ్బాయిల్ని జతలుగా చేసి, కాయిన్ వేసి ఒకరికి కౌన్సెలర్, ట్యూషన్, సమ్మర్ క్యాంపు అన్నీ ఇచ్చారు, ఇంకొకరికి ఏమీ ఇవ్వలేదు. 30 ఏళ్ళ తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వాళ్ళందర్నీ వెతికి పట్టుకుంటే, సాయం అందుకున్న వాళ్ళలో దాదాపు మూడింట రెండొంతుల మంది మాకు మేలు జరిగింది అన్నారు. కానీ రికార్డులు చూస్తే వాళ్ళ పరిస్థితే అధ్వాన్నం, మళ్ళీమళ్ళీ నేరాల్లో ఇరుక్కోవడం, తాగుడు, చిన్న వయసులో చావులు వాళ్ళలోనే ఎక్కువ. అంత ప్రేమగా చేసిన పని పిల్లలకి నష్టం చేసింది, ఏ సాయం అందని రెండో వాళ్ళు లేకపోతే ఆ నష్టం ఎవరికీ తెలిసేదే కాదు. మన దగ్గరికి నమ్మకంతో వచ్చే పిల్లల కోసమైనా ఈ శ్రమ పడాలి.

హోంవర్క్: మీ లాస్ట్ బ్యాచ్ అప్లికేషన్లు బయటికి తీసి, సీటు రాని వాళ్ళెంతమంది, వాళ్ళలో ఎంతమంది నంబర్లు ఇంకా పనిచేస్తున్నాయి, ఈ రెండూ రాసి పెట్టుకోండి. పాఠం 5లో వాళ్ళకి ఫోన్ చేసినప్పుడు ఏ ప్రశ్న ఎట్లా అడగాలో చూద్దాం, ముఖ్యంగా జీతం గురించి.