ఫిబ్రవరి ర్యాంకు చూసి మే నెల గది బుక్ చెయ్యకండి

మా అమ్మాయి అమెరికా కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో (బేస్‌బాల్ లాంటి ఆట) క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటిది. పేరున్న జట్టేం కాదు. కాలేజీ పేరు చెప్తే, అదెక్కడుందో కూడా మనమే చెప్పుకోవాలి. తను చేరిన మొదటి ఏడాది సీజన్ మొదలవక ముందే మా కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు) కోచ్‌లంతా ఓట్లేసి మా జట్టే ఫస్ట్ వస్తుందన్నారు. అంతే, నాకు కాలు నిలవలేదు. మేం ఉండేది టల్సాలో. రీజినల్ (జాతీయ టోర్నమెంట్‌లో మొదటి అంచె) ఆడితే దగ్గర్లో నార్మన్‌లోనే, ఓక్లహామా యూనివర్సిటీ ఊళ్లో, ఆడిస్తారని నాకు నేనే తీర్మానించుకుని, మే మూడో వారానికి అక్కడ హోటల్ గది తీసుకున్నా. చవగ్గా వస్తోందని డబ్బు వెనక్కి రాని రేటుకి.

కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌లో రెండో రోజుకే పిల్లలు ఇంటికొచ్చేశారు. ఆ వారాంతం నేనూ మా ఆవిడా అదే గదిలో దిగి వేరేవాళ్ల పిల్లల ఆట చూశాం. తిరిగొచ్చేటప్పుడు కార్లో మా ఆవిడ అన్నది ఒకటే మాట: "వచ్చే ఏడు కొనేముందు లెక్క నాకు చూపించండి." అప్పట్నుంచీ ఏటా జనవరి చివర్లో ఒక నోట్‌బుక్‌లో ఒక పేజీ రాస్తున్నా. మీ జట్టు ఏదైనా సరే, ఆ పేజీ ఇలా రాసుకోవచ్చు.

పైన రాయాల్సింది ర్యాంకు కాదు, మీ జట్టుకి ఉన్న దారి. కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ 1 జాతీయ టోర్నమెంట్‌లో 64 జట్లు ఆడతాయి. 2025లో వాటిలో 31 జట్లు తమ కాన్ఫరెన్స్ గెలిచి నేరుగా వచ్చాయి, మిగతా 33ని టోర్నమెంట్ జట్లని ఎంపిక చేసే కమిటీ ఎంచుకుంది. ఆ ఎంచుకునే చోట్లు ఎక్కువగా పెద్ద కాన్ఫరెన్సులకే పోతాయి. అదే ఏడాది ఎస్‌ఈసీ అనే పెద్ద కాన్ఫరెన్స్‌లో 15 జట్లు ఉంటే 14 లోపలికొచ్చాయి. అలాంటి జట్టుకి అభిమానులైతే "వస్తామా రామా" అని కూర్చోనక్కర్లేదు. మీ ప్రశ్న వేరు: మొదటి 16 సీడ్లలో ఉండి రీజినల్‌ని సొంత మైదానంలో ఆడతామా లేదా. మాలాంటి చిన్న కాన్ఫరెన్స్ అయితే సీజన్ మొత్తం ఎన్ని గెలిచినా చివరికి మే నెలలో మూడు నాలుగు రోజుల టోర్నమెంటే తేలుస్తుంది. ఈ రెంటికీ మధ్య ఊగిసలాడే జట్లకే అసలు గుండెదడ. మీది ఈ మూడింట్లో ఏదో ముందు రాసుకోండి. మిగతా పేజీ అంతా దాన్నిబట్టే ఉంటుంది.

తర్వాత పిచ్చర్లు, అంటే బంతి వేసేవాళ్లు. పేజీలో సగం వీళ్లకే వదలండి.

జట్టు వెబ్‌సైట్‌లో పోయినేడు గణాంకాలు తెరిచి, ఒక్కో పిచ్చర్ ఎన్ని ఇన్నింగ్స్ వేసిందో రాసుకోండి (ఇక్కడ ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్ అయిపోయినట్టు). పక్కన ఈ ఏడాది రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) పెట్టుకుని వెళ్లిపోయినవాళ్ల పేర్లు కొట్టెయ్యండి. చదువు అయిపోయి వెళ్లినా, ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో వేరే కాలేజీకి మారినా గీత ఒకటే. ఇప్పుడు మిగిలినవి కూడండి. ఉదాహరణకి జట్టు మొత్తం 360 ఇన్నింగ్స్ ఆడిందనుకోండి, అందులో 210 వేసిన అమ్మాయి డిగ్రీ తీసుకుని వెళ్లిపోయింది. కిందటేడు ఎన్ని గెలిచారన్నది ఇక పాత కథ. ఈ 210 ఎవరు వేస్తారన్నదే ప్రశ్న. ఒక చిన్న జాగ్రత్త. పట్టికలో 142.2 అని ఉంటే అది దశాంశం కాదు. 142 ఇన్నింగ్సూ, ఆపైన ఇంకో ఇద్దరి అవుట్లూ అని అర్థం. నేను మొదటిసారి అన్నీ ఎక్సెల్‌లో వేసి మామూలుగా కూడేశా. వృత్తి డేటాబేస్ పని, చెప్పుకోడానికి సిగ్గు. ఇంకోటి, ఇక్కడ ఈఆర్ఏ (పిచ్చర్ సగటున ఇచ్చే పరుగులు) లెక్క ఏడు ఇన్నింగ్స్‌కి, బేస్‌బాల్‌లోలా తొమ్మిదికి కాదు.

పిచ్చర్ మీద ఇంత పట్టు ఎందుకంటే, టీ20లో ఎంత గొప్ప బౌలరైనా నాలుగు ఓవర్లే. ఇక్కడ అలాంటి హద్దేమీ లేదు. ఒక్కమ్మాయే ఇవాళా రేపూ ఎల్లుండీ వెయ్యొచ్చు. నైజరీ కెనడీ అనే పిచ్చర్ స్టాన్‌ఫర్డ్ నుంచి టెక్సస్ టెక్‌కి మారింది. అంతకుముందు ఎప్పుడూ ఉమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్ (ఓక్లహామా సిటీలో జరిగే జాతీయ టోర్నమెంట్ చివరి అంచె) మొహం చూడని ఆ జట్టు 2025లో ఏకంగా ఫైనల్‌కెళ్లింది. ఒక్కరు వస్తే ఎంత మారుతుందో అక్కడే కనపడింది, ఒక్కరే ఉంటే ఏమవుతుందో కూడా. ఓక్లహామా సిటీలో ఫైనల్ మూడో మ్యాచ్ దాకా టెక్ వేసిన ప్రతి బంతీ ఆమెదే. ఆ మూడో మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్‌లోనే టెక్సస్ ఐదు పరుగులు చేసింది, ఆమెని దించేశారు, 10-4తో కప్పు టెక్సస్‌కి పోయింది. కాబట్టి మొదటి పిచ్చర్ పేరు కింద రెండో పిచ్చర్ పేరు కూడా రాయండి. రాయడానికి పేరు తట్టకపోతే, కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌లో మూడో రోజు మీ జట్టు గతేంటో మీకు అర్థమైపోయినట్టే. మా మొదటి ఏడు జరిగింది అదే.

కొత్త పిచ్చర్ ఎలాంటిదో ఫిబ్రవరిలో ఎలా తెలుస్తుందని మా అమ్మాయిని అడిగా. "నాన్నా, స్పీడ్ చూడకు. బేసులు ఖాళీగా ఉన్నప్పుడు వేసే డ్రాప్ బాల్ (బ్యాటర్ దగ్గరికొచ్చేసరికి కిందికి పడిపోయే బంతి), మూడో బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు కూడా వేస్తోందా చూడు" అంది. ఏ బంతి వెయ్యాలో డగౌట్ నుంచి కోచ్ చెప్తారు. ఆ బంతి నేలకి తగిలి క్యాచర్‌ని దాటిపోతే పరుగు వచ్చేస్తుంది. అందుకే నమ్మకం లేని పిచ్చర్‌కి అలాంటప్పుడు డ్రాప్ బాల్ చెప్పరు. అప్పుడు ఆమె దగ్గరున్నవి మూడు రకాల బంతులు కాదు, రెండే. ఏప్రిల్ వచ్చేసరికి బ్యాటర్లందరికీ ఆ సంగతి తెలిసిపోతుంది.

బ్యాటర్ల గురించి నాకంత బెంగ ఉండదు. 2024లో వరసగా నాలుగో కప్పు కొట్టిన ఓక్లహామా జట్టులో ముఖ్యమైన బ్యాటర్లు చాలామంది ఆ ఏడుతో వెళ్లిపోయారు. అయినా 2025లో మళ్లీ ఓక్లహామా సిటీకి చేరారు. వాళ్ల కోచ్ ప్యాటీ గాసో దగ్గర కొత్తవాళ్లకి కొదవుండదు, అది వేరే సంగతి.

ఇక ర్యాంకు. నేనేమీ దాన్ని చెత్త అనను. 2025లో సీజన్ ముందు టెక్సస్‌నే నంబర్ వన్ అన్నారు, కప్పూ వాళ్లదే అయింది. నాకు తోచింది ఏంటంటే, పైన ఐదారు పేర్లు నమ్మొచ్చు. 15 దాటాక మాత్రం కిందటేడు ఫలితాలకి కొంచెం ఉప్పూ కారం చల్లి వడ్డించినట్టే. ఆకురాలు కాలంలో ఆడే మ్యాచ్‌లు రికార్డులోకి రావు, కాబట్టి ఓటు వేసేవాళ్ల దగ్గర ఆధారం కూడా పెద్దగా ఉండదు. పైగా మేలో కమిటీ ఈ ర్యాంకుల్ని లెక్కలోకి తీసుకోదు. కమిటీ ఇచ్చిన సీడ్ కూడా రక్షణ కాదనుకోండి. అదే 2025లో నంబర్ వన్ సీడ్ టెక్సస్ ఏ అండ్ ఎమ్ సొంత మైదానంలో లిబర్టీ చేతిలో ఓడి రీజినల్ కూడా దాటలేదు. నంబర్ వన్ సీడ్‌కి అలా జరగడం అదే మొదటిసారి.

కమిటీ ముందుండే వాటిలో మనం ఇంట్లో కూర్చుని లెక్కేసుకోగలిగింది ఆర్‌పీఐ, అంటే గెలుపులతో పాటు ప్రత్యర్థుల బలాన్నీ కలిపి చూసే అంకె. మన గెలుపు శాతానికి పావు వంతు, మన ప్రత్యర్థుల గెలుపు శాతానికి సగం, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థులకి ఇంకో పావు. కాగితం మీద చూడండి. ఒక జట్టు 70 శాతం గెలిచింది, కానీ దాని ప్రత్యర్థులు 40 శాతం, వాళ్ల ప్రత్యర్థులు 48 శాతం. మొత్తం 0.495. ఇంకో జట్టు 55 శాతమే గెలిచింది. దాని ప్రత్యర్థులు 60, వాళ్ల ప్రత్యర్థులు 54 శాతం. మొత్తం 0.5725. తక్కువ గెలిచిన జట్టే పైన ఉంది. అందుకే షెడ్యూల్ రాగానే ఫిబ్రవరి పేజీ చూడండి. ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లోనో ఎడారి కాలిఫోర్నియాలోనో పెద్ద జట్లతో నాలుగైదు మ్యాచ్‌లు పెట్టుకున్న జట్టు మార్చి మొదట్లో సగం ఓడి ఉంటే కంగారు పడకండి. మంచు ప్రాంతాల జట్లయితే మొదటి నెలంతా సూట్‌కేసుల మీదే బతుకుతాయి, వాటికి ఇంకాస్త వెసులుబాటివ్వాలి. అయితే మరీ ఓడిపోతూ పోకూడదు. కమిటీ ఎంచుకోవాలంటే గెలుపులు కనీసం ఓటములకి సమానంగానైనా ఉండాలి. సీజన్‌లో ఆడగలిగేవి 56 మ్యాచ్‌లు, కాబట్టి 28 అన్న అంకె చుట్టూ సున్నా చుట్టి పెట్టుకోండి.

పేజీ నిండాక అడుగున ఒకే వాక్యం రాసి తేదీ వెయ్యండి. "టోర్నమెంట్‌కి వస్తాం, రీజినల్ సొంత ఊళ్లో ఉండదు" అన్నట్టు, మేలో సరిచూస్తే అయితే అవును లేకపోతే కాదు అనేలా ఉండాలి. "బాగా ఆడతారు" అని రాస్తే తర్వాత ఎటు కావాలంటే అటు తిప్పుకుంటాం. నేను తిప్పుకున్నా కూడా. ఏప్రిల్ మొదట్లో ఒక్కసారి తెరిచి పిచ్చర్ల ఇన్నింగ్స్ మాత్రం మళ్లీ కూడండి. అనుకున్న రెండో పిచ్చర్ నిజంగా వేస్తోందా, లేక ఆ భారం కూడా మొదటమ్మాయి మీదే పడిందా తెలుస్తుంది. వాక్యాన్ని మాత్రం దిద్దకండి.

గది సంగతి. మే నడిమి ఆదివారం టీవీలో జాబితా చదివేదాకా ఏ ఊరు వెళ్లాలో ఎవరికీ తెలీదు. శుక్రవారమే రీజినల్స్ మొదలు. బస్సులో వెళ్లగలిగినంత దూరంలో వీలైనంతవరకు సర్దుతారు కాబట్టి మీ చుట్టుపక్కల మొదటి 16లో ఉండే జట్లేవో రాసుకుని, ఆ ఊళ్లలో రద్దు చేసుకోగలిగే గదులు రెండు మూడు పట్టి ఉంచండి. జాబితా చదవగానే అక్కర్లేనివి వదిలెయ్యండి. ఇప్పుడు మా ఇంట్లో ఈ పని మా ఆవిడదే. నేను పేజీ చూపిస్తా, తను రెండో పిచ్చర్ పేరు ఉందో లేదో చూసి బుక్ చేస్తుంది.