గోదావరి డెల్టాలో గుర్రానికి శాల కడుతున్నారా, ముందు తేమ సంగతి చూడండి

పెళ్ళి ఊరేగింపులకనో సవారీ సరదాకనో మనోళ్ళు తెచ్చుకునే వాటిల్లో మార్వారి, కథియావారి గుర్రాలుంటాయి కదా, అవి రాజస్థాన్, గుజరాత్ పొడి నేలల జాతులండి. ఎండకి ఓర్చుకుంటాయి గానీ కాళ్ళ కింద తడి, ఉచ్చ ఘాటు, మన ఉక్కపోత మూడూ కలిస్తే మాత్రం దెబ్బతింటాయి. గిట్టల అడుగు కుళ్ళుతుంది, దగ్గు పట్టుకుంటుంది. అందుకే శాల అందం సంగతి తర్వాత, నేల పొడిగా ఉందా, గాలి ఆడుతుందా అన్నది ముందు చూడండి.

గేదెల పాకలోనే ఓ మూల కట్టేద్దాం అనుకోకండి దయచేసి. జోరీగలు మోసుకొచ్చే సర్రా జబ్బు గేదెల ఒంట్లో పైకి కనపడకుండానే ఉండగలదు, అదే ఈగ కుట్టి గుర్రానికి అంటితే ప్రాణం మీదకొస్తుంది. శాల వీలైనంత దూరంగా విడిగా కట్టండి.

చోటు మెరకగా ఉండాలి. వరదొచ్చినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్ళో పెద్దాళ్ళని అడిగి దానిమీద ఇంకో రెండడుగులు లేపండి, నల్లమట్టి తడికి ఉబ్బి ఎండకి బీటలిస్తుంది కాబట్టి గ్రావెల్ తోలించి బాగా దిమ్మిస కొట్టించాకే పునాది. నీడగా ఉందని కొబ్బరి చెట్ల కింద మాత్రం వద్దు, కాయో మట్టో రాలితే షీటు పగులుతుంది, ఆ చప్పుడికి గుర్రం బెదిరి గోడకేసి గుద్దుకుంటుంది.

ఒక్కో గుర్రానికి 12 అడుగులకి 12 అడుగుల గది, తాడేసి కట్టకుండా వదిలేయాలి, పడుకోవాలి పొర్లాలి కదా. ఈనే గుర్రమైతే ఇంకా పెద్దది కావాలి. తలుపు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు, బయటికి తెరుచుకోవాలి, ఎందుకంటే లోపల గుర్రం గోడ వార ఇరుక్కుని పడిపోతే లోపలికి తెరిచే తలుపు తీయడం కుదరదు. గోడ నాలుగున్నర అడుగుల దాకా గట్టిగా కట్టి పైన గ్రిల్ వదిలేయండి, సందుల్లో గిట్ట దూరకూడదు. పొడుగు తూర్పు పడమరలుగా పెడితే సాయంత్రం ఎండ గదుల్లోకి కొట్టదు. కప్పు పదడుగులకి తగ్గకుండా, కొప్పు దగ్గర వేడి గాలి పోయే సందు ఉంచండి. తాటాకు చల్లగానే ఉంటుంది కానీ నిప్పు భయం, నేనైతే పెంకుకే ఓటు. షీటే వేస్తే తుఫాను గాలికి లేవకుండా హుక్కు బోల్టులు వేయించండి.

గాలి సరిపోతుందో లేదో తెలియాలంటే పొద్దున్నే గదిలో గొంతుకూర్చోండి. పడుకున్న గుర్రం ముక్కు ఉండే ఎత్తు అది. ఉచ్చ ఘాటుకి కళ్ళు మండితే గాలి చాలట్లేదు.

నున్నటి సిమెంటు నేల జారుతుంది. గరుకుగా చేయించి, 12 అడుగులకి రెండంగుళాల వాలు ఇచ్చి, కాలువ గది బయట పెట్టుకోండి, పైన రబ్బరు మ్యాట్ వేస్తే మోకాళ్ళకి మంచిది. గుర్రం పడుకోవడానికి కింద వేసే పక్కకైతే మన దగ్గర దొరికే కొబ్బరి పీచు పొట్టు తడి బాగా పీలుస్తుంది. ఊక చవకే గానీ దుమ్ము. వరిగడ్డి పక్క వేస్తే కొన్ని గుర్రాలు దాన్నే మేసేసి కడుపు నొప్పి తెచ్చుకుంటాయి, ఇంక వానకి తడిసి బూజు పట్టిన గడ్డి అసలు లోపలికే రానివ్వొద్దు.

కరెంటు వైర్లు పైపుల్లో, మూతికి అందనంత ఎత్తులో, స్విచ్చులు బయట, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ స్విచ్చు తప్పకుండా. ముళ్ళ కంచె వద్దు, చర్మం చీరేస్తుంది. మేకులు ఏరేయండి, గుర్రానికి ధనుర్వాతం చాలా తేలిగ్గా వస్తుంది, టీకా వేయించండి.

దాణా గదికి గడియ ఉండాలి, దూరి గింజలు తినేస్తే ప్రాణాపాయం. అనపర్తి వైపు కోళ్ళ ఫారాలున్నవాళ్ళు ఇది మరీ గుర్తుపెట్టుకోండి, కోళ్ళ మేతలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం గుండెని చంపేస్తుంది, కొంచెమైనా చాలు, కాబట్టి ఆ బస్తాలు, ఆ గరిటెలు దాణా గదిలోకి రాకూడదు. అలాగే కడియం నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి శాల చుట్టూ వేసేటప్పుడు గన్నేరు వేయకండి, నాలుగాకులు నమిలినా విషమే.

పేడ రోజూ తీసి దూరంగా పోయండి, దగ్గరే కుప్పేస్తే ఈగలు అక్కడే పుడతాయి.

లంకల్లో, ఏటిగట్టు లోపల ఉన్నవాళ్ళు తీసుకెళ్ళే దారి ఇప్పుడే చూసుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది రాగానే గుర్రాన్ని గట్టు దాటించేయండి, రెండోదాకా ఆగితే రేవులో పడవకి మనుషులే క్యూలో ఉంటారు. హాల్టరు (తలకి తొడిగే పట్టీ), తాడు తలుపు పక్కనే మేకుకి వేలాడాలి, చీకట్లో వెతికినా చేతికి తగిలేలా.