టేబుల్ మీద నడిచిన కోడ్ బోరు దగ్గర ఆగిపోతోందా? తప్పు పట్టుకోవడం ఇలా

తిరుపతిలో టేబుల్ మీద వారం పాటు నడిచిన మైక్రోకంట్రోలర్ బోర్డు, చిత్తూరు పక్క మామిడితోటలో స్టార్టర్ పెట్టెలో బిగించాక మోటారు వేసినప్పుడల్లా రీసెట్ అవుతుంది. వెంటనే కోడ్ మార్చకండి. రీసెట్‌కు కారణం చిప్‌లోనే రాసి ఉంటుంది, ముందు దాన్ని చదవండి. కింది వివరాలు ఎస్‌టీఎం32 ఎఫ్103 మైక్రోకంట్రోలర్ చిప్‌వి.

1. మెయిన్ ఫంక్షన్ మొదట్లోనే ఆర్‌సీసీ సీఎస్ఆర్ రిజిస్టరు (రీసెట్ కారణాలు నమోదయ్యే చోటు) విలువను దాచి, యూఆర్ట్ (సీరియల్ పోర్టు) ద్వారా కంప్యూటర్‌కు పంపండి. తర్వాత అదే రిజిస్టరు 24వ బిట్‌లో (బిట్ల లెక్క 0 నుంచి) 1 రాసి ఫ్లాగులు, అంటే కారణాన్ని చూపే బిట్లు, చెరపండి. చెరపకపోతే పాత కారణాలు కూడా కలిసి కనిపిస్తాయి.

26వ బిట్ ఏ రీసెట్‌కైనా వస్తుంది, దాన్ని చూసి మోసపోవద్దు. అదొక్కటే ఉంటే రీసెట్ పిన్‌కు నాయిస్ తగిలినట్టు. కరెంటు తీయకుండానే 27 వస్తే 3.3 వోల్టుల సప్లై పడిపోయింది. 28 అంటే కోడే రీసెట్ అడిగింది. 29 అంటే కోడ్ ఎక్కడో ఇరుక్కుంటే వాచ్‌డాగ్ (కోడ్ ఆగిపోతే చిప్‌ను రీసెట్ చేసే కాపలా టైమర్) లేపింది.

2. 26 ఒక్కటే ఉన్నా, 27 వచ్చినా కోడ్ జోలికి పోవద్దు. చిప్‌కు కరెంటు ఇచ్చే ప్రతి వీడీడీ పిన్‌కు ఆనుకుని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉందా చూడండి. రీసెట్ పిన్ నుంచి గ్రౌండ్‌కు అలాంటిదే ఇంకొకటి కావాలి. డీసీ రిలే కాయిల్ రెండు కొసల మధ్య 1ఎన్4007 డయోడ్ తిరగేసి పెట్టాలి. కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద రిలే)ది ఏసీ కాయిల్, దానికి డయోడ్ పెట్టకూడదు. 100 ఓమ్ రెసిస్టర్, కాయిల్ వోల్టేజీకి సరిపోయే 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 (మెయిన్స్ కరెంటుకు వాడే సేఫ్టీ రకం) కెపాసిటర్ సిరీస్‌లో కలిపి కాయిల్ రెండు కొసల మధ్య కట్టండి. సెన్సర్ వైర్లను మోటారు వైర్లతో ఒకే పైపులో లాగవద్దు.

సప్లై మైక్రోసెకన్ల పాటు పడిపోతే అది మల్టీమీటర్‌కు అందదు. ఆసిల్లోస్కోపు ప్రోబ్‌ను 3.3 వోల్టుల సప్లైకి తగిలించి, ట్రిగ్గర్‌ను 3 వోల్టుల దగ్గర, ఫాలింగ్ ఎడ్జ్‌కు (వోల్టేజీ పడేటప్పుడు), సింగిల్ మోడ్‌లో (ఒక్కసారి పట్టి ఆగేలా) పెట్టి మోటారు వేయండి. ఆ పెట్టెలో 415 వోల్టులు ఉంటాయి: ప్రోబ్ తగిలించేటప్పుడు, తీసేటప్పుడు మెయిన్ ఆపి తీరాలి. ట్రాన్స్‌ఫార్మర్ లేని కెపాసిటర్ సప్లై బోర్డుకు స్కోపు గాని ల్యాప్‌టాప్ గాని అస్సలు తగిలించకండి, ప్రాణానికే ముప్పు.

3. 29 వస్తే వాచ్‌డాగ్ తాత్కాలికంగా ఆపి, డీబగ్గర్‌తో హార్డ్‌ఫాల్ట్ హ్యాండ్లర్ (ఘోరమైన తప్పు జరిగితే చిప్ వెళ్లే ఫంక్షన్) మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టండి. అక్కడ ఆగితే, మెయిన్ స్టాక్ వాడే కోడ్‌లో స్టాక్ పాయింటర్‌కు 24 బైట్లు కలిపిన చోట ఆగిన అడ్రస్ ఉంటుంది. అది ఏ ఫంక్షనో లింకర్ ఇచ్చే మ్యాప్ ఫైల్ చెబుతుంది. తప్పు రకాన్ని చూపే సీఎఫ్ఎస్ఆర్ రిజిస్టరులో 10వ బిట్ ఉంటే అసలు తప్పు దానికి కాస్త ముందుంది.

4. డీబగ్గర్ ఉంటేనే నడుస్తోందా? సెమీహోస్టింగ్ ప్రింట్‌ఎఫ్ (డీబగ్గర్ ద్వారా కంప్యూటర్‌లో అచ్చయ్యేది) మిగిలిందేమో, చిప్ ఎక్కడి నుంచి మొదలవ్వాలో నిర్ణయించే బూట్0 పిన్ గ్రౌండ్‌కు కలిసిందో లేదో చూడండి.

5. కంపైలర్ ఆప్టిమైజేషన్ ఓ0లో (లేకుండా) నడిచి ఓ2లో ఆగితే, ఇంటరప్ట్ మార్చే వేరియబుల్‌కు వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కు చెప్పే మాట) లేదేమో చూడండి. అయితే 64 బిట్ల కౌంటర్‌కు వోలటైల్ ఒక్కటే చాలదు: రెండు సగాల మధ్య ఇంటరప్ట్ దూరుతుంది, కాబట్టి ఇంటరప్టులు ఆపి చదవాలి.