తవ్వకంలో దొరికిన ఐరోపా గాజుపూస ఏ కాలానిదో తేల్చడం ఎలా?

పూస కనబడగానే చేత్తో తీసేయకండి. ముందు అది ఏ పొరలో, ఎంత లోతులో, వేటి పక్కన ఉందో రాసుకోండి. ఆ వివరం పోయాక ఎంత మంచి పూసయినా సగం పనికే వస్తుంది.

తర్వాత మెత్తటి బ్రష్‌తో మట్టి దులిపి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని భూతద్దంలో చూడండి. రంగు సంగతి తర్వాత, ముందు బుడగలు చూడాలి. అవి బెజ్జం పొడవునా సాగి ఉంటే, గాజును సన్నని గొట్టంలా లాగి ముక్కలు చేసిన పూస. బెజ్జం చుట్టూ తిరిగి ఉంటే, కరిగిన గాజును కడ్డీకి చుట్టి చేసింది. లాగిన పూసలన్నీ ఇటలీలోని వెనిస్‌వే అనుకోకండి, మన తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలోనూ గాజును లాగే పూసలు చేసేవారు. నడుము చుట్టూ చిన్న గట్టు, ఒక కొన గరుకుగా ఉంటే అది ప్రాసర్ పూస. చూడటానికి గాజులా ఉన్నా పింగాణీ జాతిది, పొడిని అచ్చులో నొక్కి కాల్చి చేసేది. ఆ పద్ధతికి పేటెంటు వచ్చింది 1840లో, కాబట్టి ఆ పొర అంతకంటే పాతది కాలేదు.

ఇక రకం. పలకలుగా, పొడుగ్గా, నీలం పొరల మధ్య తెల్ల పొరతో ఉంటే నువేవా కాదిస్ పూస కావచ్చు. వెనిజులా తీరం దగ్గరి దీవిలోని ఒకప్పటి స్పెయిన్ పట్టణం పేరది. ఇవి ఎక్కువగా 16వ శతాబ్దం మొదటి సగంలోవి. ఎర్రపూస అయితే విరిగిన అంచు చూడండి: లోపల ఆకుపచ్చ ఉంటే పాతరకం, తెలుపు ఉంటే 19వ శతాబ్దపుది.

ఒట్టి తెల్లపూసతోనే టెన్షన్. కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి. పూసను పగలగొట్టకుండా, అందులో ఏ మూలకాలున్నాయో చెప్పే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరీక్ష చేయించండి. ఉత్తర అమెరికాలో దొరికే పూసల్లో తెలుపు కోసం మొదట తగరం కలిపేవారు, 17వ శతాబ్దంలో ఆంటిమొని వచ్చింది, 19వ శతాబ్దంలో ఆర్సెనిక్.

ఒక్క పూసను నమ్మి తేదీ రాయకండి. అమ్మమ్మ పూసలు మనవరాలి మెడలోకి చేరడం ఎక్కడైనా ఉన్నదే. గుంపులో అన్నిటికన్నా కొత్త పూసనే లెక్కలోకి తీసుకోండి.

పూసలు లేకపోవడాన్ని తేదీగా వాడటం ఇంకా ప్రమాదం. కెనడాలోని ఒంటారియోలో మాంటిల్ అనే పాత ఊరిలో (అక్కడి ఆదివాసులైన వెండాట్‌లది) ఐరోపా సరుకు దాదాపు లేదని, దాన్ని 16వ శతాబ్దం మొదట్లోదిగా లెక్కేశారు. 2018లో వెలువడిన రేడియోకార్బన్ తేదీలు దాన్ని 1600 ప్రాంతానికి తెచ్చాయి.